పూలకుండీ కింద రాతి జెర్రి: 15 జతల కాళ్లున్న జెర్రిలన్నీ చుట్టాలేనా?

లీడ్స్_తోట (లీడ్స్, ఇంగ్లండ్)
అందరికీ నమస్తే. మా పెరట్లో పూలకుండీలు పక్కకి జరుపుతుంటే ఒకదాని కింద తడిమట్టిలో జెర్రి కనిపించింది. అంగుళం పొడవు ఉంటుందేమో, ముదురు గోధుమరంగు, నూనె రాసినట్టు మెరుస్తోంది. మన విజయవాడ వైపు కనిపించే జెర్రిలా సన్నగా పొడుగ్గా లేదు, కురచగా బల్లపరుపుగా ఉంది, పరుగు మాత్రం మామూలు పరుగు కాదు. గాజుసీసాలో పట్టి పైనుంచీ కిందనుంచీ ఫొటోలు తీశాను. ఒకవైపు లెక్కపెడితే 15 కాళ్లు. పక్కనే ఇంకోటి చాలా చిన్నది, లేతరంగుది దొరికింది, దానికి 10 మాత్రమే ఉన్నాయి. రెండూ వేరువేరు జాతులా? ఇంట్లో పాకే పిల్ల ఉంది, మా అత్తయ్యగారు చూసిన దగ్గర్నుంచీ ఒకటే టెన్షన్, వేడినీళ్లు పోసేయమంటున్నారు. నాకైతే చంపాలని లేదు, కానీ అదేంటో తెలిస్తే ఆవిడకి చెప్పగలను.

మట్టిజీవి (ఆర్హుస్, డెన్మార్క్)
తోట గారూ, వేడినీళ్లు వద్దే వద్దు. అది రాతి జెర్రి, లిథోబియస్ ప్రజాతి. యూరప్ పెరళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది లిథోబియస్ ఫోర్ఫికేటస్, మీ ఫొటోలోదీ అదే అయ్యుంటుంది. అంగుళం అంటున్నారు కాబట్టి పరిమాణం సరిపోయింది, ఈ జాతి సుమారు 18 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. కానీ పరిమాణం, రంగు చూసి జాతి పేరు ఖాయం చేసే అలవాటు నాకు లేదు. మీ రెండో ఫొటోలో వీపు బాగా పడింది, దాన్ని జూమ్ చేసి చూడండి.

వీపు మీద పలకలు ఉంటాయి కదా, అవన్నీ ఒకే పొడవు ఉండవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి, ఇలా వెళ్తుంది. ఏడో దగ్గరికి వచ్చేసరికి వరస తప్పుతుంది: 7 పొడుగే, 8 కూడా పొడుగే. అక్కణ్నుంచి 9 పొట్టి, 10 పొడుగు, ఇలా సాగుతుంది. ఇది రాతి జెర్రిల క్రమం మొత్తానికీ ఉన్న గుర్తు. ఇప్పుడు 9, 11, 13 పలకల వెనక అంచు మూలలు చూడండి, ముక్కోణపు కొనల్లా వెనక్కి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఫోర్ఫికేటస్‌కి ఇవి స్పష్టంగా ఉంటాయి. అయితే మెలనాప్స్ అని ఇంకో చిన్న జాతికీ ఉంటాయి, అదీ తోటల్లో, ఇళ్ల చుట్టూ తిరిగేదే. కాబట్టి కిందనుంచి తీసిన ఫొటో కావాలి. తల కింద విషపు గోళ్ల మధ్యలో ఒక పలక ముందు అంచున చిన్నచిన్న పళ్లు ఉంటాయి, ఫోర్ఫికేటస్‌కి ఒక్కోవైపు 5 నుంచి 7. మీ ఫొటోలో అవి మసకగా ఉన్నాయి. ఇంకోసారి తీయగలరా?

పాకే పిల్ల సంగతి: పట్టుకుని నలిపితే వేలిని గిల్లినట్టు కొరకగలదు, అంతకుమించి ప్రమాదం లేదు. పైగా అది ఇంట్లో నిలవలేదు. దాని చర్మానికి నీరు ఆవిరైపోకుండా ఆపే గట్టి మైనపు పొర లేదు, పొడి గదిలో తొందరగా ఎండిపోయి చచ్చిపోతుంది. మీ సీసాలో కూడా తడి మట్టి, ఒక ఆకు వేయండి, లేకపోతే పొద్దుటికి ఉండదు.

లీడ్స్_తోట
ఆకులు వేసి మూత వదులుగా పెట్టాను. అత్తయ్యగారికి చూపించాను, "చెవిలో దూరదు కదా" అని అడిగారు. మరి 10 జతల కాళ్లది ఎవరు?

మట్టిజీవి
అది పిల్ల. అసలు రాతి జెర్రిల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఫోర్ఫికేటస్ గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు దానికి 15 జతల కాళ్లు ఉండవు. 7 జతలతో పుడుతుంది. కుబుసం విడిచినప్పుడల్లా వెనకవైపు కొత్త ఖండితాలు, అంటే ఒంటి కణుపులు, వాటితో కొత్త కాళ్లు చేరతాయి. 7 తర్వాత 8, తర్వాత 10, తర్వాత 12, ఆపైన 15. మీకు దొరికింది 10 దగ్గర ఉంది. వెనక చివర జాగ్రత్తగా చూస్తే తర్వాత రాబోయే కాళ్లు మొగ్గల్లా కనిపిస్తాయి, చిన్న భూతద్దం చాలు. 15 వచ్చాక కాళ్ల లెక్క ఆగిపోతుంది, కానీ కుబుసం విడవడం ఆగదు. ఇంకా చాలాసార్లు విడిచి, పెద్దదవుతూ, జననాంగాలు పూర్తిగా తయారయ్యేసరికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. మొత్తం ఆయుష్షు ఐదారేళ్లు. అంటే మీ కుండీ కిందున్న పెద్దది మీరు ఆ కుండీ కొనకముందు నుంచీ ఆ పెరట్లో ఉండి ఉండొచ్చు. ఇంత చిన్న పురుగు అన్నేళ్లు బతుకుతుందని చాలామంది అనుకోరు, అందుకే చంపే ముందు ఆలోచించమని అడుగుతుంటాను.

చెవి సంగతి: చీకట్లో తడి కోసం తిరిగే పురుగు, ఎప్పుడో అరుదుగా నేల మీద పడుకున్నవాళ్ల చెవిలోకి ఏ పురుగైనా వెళ్లొచ్చు. చెవి వెతుక్కుంటూ రావడం అనేది మాత్రం లేదు. మీరు మంచం మీద పడుకుంటున్నారు, అదేమో కుండీ కింద ఉంటోంది. అత్తయ్యగారిని నిశ్చింతగా ఉండమనండి.

కార్తీక_బీఎస్సీ (వరంగల్)
సార్ నాకొక డౌటు. మా జువాలజీ మేడమ్ జెర్రిలకి కాళ్ల జతలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి, 100 అనేది అసలు రానే రాదు అని చెప్పారు. మరి మీరు 8, 10, 12 అంటున్నారు, ఇవి సరిసంఖ్యలు కదా?

మట్టిజీవి
మేడమ్ చెప్పింది పెద్దవాటి గురించి. ఎదిగిన జెర్రిల్లో రాతి జెర్రికి 15, ఇళ్లలో పొడుగు కాళ్లతో గోడమీద పరిగెత్తే స్క్యూటిజెరాకి 15, మన దేశపు పెద్ద జెర్రి స్కోలోపెండ్రాకి 21, దాని క్రమంలో కొన్నిటికి 23, మట్టిలో దారంలా ఉండే జియోఫిలస్ గుంపుకి 27 నుంచి 191 దాకా. అన్నీ బేసే. ఎదిగే దశలో మాత్రం సరిసంఖ్య రావచ్చు, రాతి జెర్రి పిల్లలే దానికి సాక్ష్యం. బేసి ఎందుకు అన్నదానికి ఒక మంచి ఆధారం 2004లో వచ్చింది, స్ట్రిగేమియా మారిటిమా అనే సముద్రతీరపు జెర్రి పిండంలో ఖండితాలు ఒక్కొక్కటిగా కాకుండా రెండేసి చొప్పున ఏర్పడతాయని చూపించారు. విషపు గోళ్ల ఖండితాన్ని కూడా కలుపుకుని అన్నీ రెండేసిగా వస్తే మొత్తం సరిసంఖ్య, అందులోంచి ఆ గోళ్ల ఖండితం ఒక్కటి తీసేస్తే కాళ్ల లెక్క ఎటు పోతుందో మీరే వేసి చూడండి.

ఇంకో సంగతి, బ్రెజిల్‌లో స్కోలోపెండ్రాప్సిస్ డూప్లికాటా అనే జాతిని 2008లో వర్ణించారు. దాని దగ్గరి చుట్టానికి 21 లేదా 23 జతలు ఉంటే, దీనికి 39 లేదా 43. ఒక్క జాతిలోనే లెక్క దాదాపు రెట్టింపు. అయినా బేసే.

ఎడిసన్_బాబాయ్ (న్యూజెర్సీ)
మా బేస్‌మెంట్‌లో ఉండేది ఆ పొడుగు కాళ్లదే, స్క్యూటిజెరా. దానికీ 15, దీనికీ 15 అన్నారు కాబట్టి రెండూ దగ్గరి చుట్టాలేనా? ఇక్కడ చెక్కపేళ్ల కింద రాతి జెర్రి కూడా కనిపిస్తుంది, రెండింటినీ పక్కపక్కన పెడితే చుట్టాల్లా అనిపించవు నాకు.

జువాలజీ_మాస్టారు (కాకినాడ)
బాబాయ్ గారూ, మేం చదువుకున్న రోజుల్లో పాఠం ఇలాగే ఉండేది. తక్కువ కాళ్లతో పుట్టి తర్వాత పెంచుకునేవాటిని అనామార్ఫా అని ఒక గుంపు, పూర్తి కాళ్లతో పుట్టేవాటిని ఎపిమార్ఫా అని ఇంకో గుంపు. స్క్యూటిజెరా 4 జతలతో పుడుతుంది, రాతి జెర్రి 7తో, రెండూ మొదటి గుంపు. స్కోలోపెండ్రా, జియోఫిలస్ రెండో గుంపు. చాలా ఏళ్లు ఈ లెక్కే బోధించాను. చెప్పడానికి తేలిక, పరీక్షలో రాయడానికీ తేలిక. కానీ ఈ విభజన నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో మట్టిజీవి గారు చెబితే బావుంటుంది, ఈ పదిహేనేళ్లలో వచ్చినవి ఆయనే ఎక్కువ చూసి ఉంటారు.

మట్టిజీవి
మాస్టారూ, మీరు చెప్పమంటే చెప్తాను, తప్పితే సరిదిద్దండి.

చిలోపోడా, అంటే జెర్రిల విభాగంలో ఇప్పుడు బతికున్న క్రమాలు ఐదు. స్క్యూటిజెరోమార్ఫా, లిథోబియోమార్ఫా, క్రేటరోస్టిగ్మోమార్ఫా, స్కోలోపెండ్రోమార్ఫా, జియోఫిలోమార్ఫా. మొత్తం మూడు వేలకు పైగా జాతులు, అందులో రాతి జెర్రిలవి వెయ్యికి పైనే.

మొదటి పెద్ద చీలిక శ్వాసరంధ్రాల దగ్గర. స్క్యూటిజెరాకి అవి వీపు మధ్యగీత మీద ఒక్కొక్కటిగా ఉంటాయి. మిగతా నాలుగు క్రమాలకీ పక్కల, కాళ్ల పైన జతలుగా ఉంటాయి. స్క్యూటిజెరాకి సంయుక్తనేత్రాలు ఉంటాయి, రాతి జెర్రికి తలకి రెండువైపులా చిన్నచిన్న కళ్ల గుత్తి ఉంటుంది. అంటే రాతి జెర్రి 15 కాళ్లు చూపించి స్క్యూటిజెరా పక్కన కూర్చోలేదు, అది స్కోలోపెండ్రా వైపు మనిషి. బాబాయ్ గారి కంటికి చుట్టాల్లా అనిపించకపోవడం సరైనదే. తక్కువ కాళ్లతో పుట్టడం అనేది జెర్రిలన్నిటి పూర్వికుల్లోనే ఉన్న పాత పద్ధతి. పాత లక్షణాన్ని ఇద్దరు వదలకుండా ఉంచుకున్నారు కదా అని ఆ ఇద్దర్నీ ఒకే కుటుంబం అనలేం. కొత్తగా సంపాదించుకున్న లక్షణం ఇద్దరికీ ఉంటేనే అది చుట్టరికానికి సాక్ష్యం. వర్గీకరణలో పిల్లలకి మొదట నేర్పాల్సింది ఇదని నేను గట్టిగా నమ్ముతాను. కాళ్ల లెక్క బట్టీ పట్టించడం కన్నా ఈ ఒక్క మాట అర్థమైతే చాలు.

రాతి జెర్రికీ స్కోలోపెండ్రాకీ ఉన్న ఇంకో చిన్న పోలిక కూడా చూడండి. లిథోబియస్‌కి శ్వాసరంధ్రాలు సాధారణంగా 3, 5, 8, 10, 12, 14 ఖండితాల మీద ఉంటాయి. స్కోలోపెండ్రాకి 3, 5, 8, 10, 12, 14, ఆపైన 16, 18, 20. ఆ 7, 8 దగ్గర వరస తప్పడం రెండింటిలోనూ ఒకే చోట.

కార్తీక_బీఎస్సీ
ఐదు క్రమాల్లో క్రేటరోస్టిగ్మోమార్ఫా అని మా పుస్తకంలో లేదు సార్. మా పుస్తకంలో స్కోలోపెండ్రా ఒక్కటే బొమ్మ వేసి, ఖండితానికి ఒక జత కాళ్లు, రోకలిబండకి ఖండితానికి రెండు జతలు అని రెండు లైన్లు ఉంటాయి, అంతే.

జువాలజీ_మాస్టారు
అమ్మా కార్తీకా, అది ప్రపంచంలో రెండే రెండు చోట్ల ఉంటుంది, టాస్మేనియాలో ఒక జాతి, న్యూజిలాండ్‌లో ఒక జాతి. అందుకే పుస్తకాల్లో దానికి చోటు దొరకదు. కానీ జెర్రిల వంశవృక్షం గురించి గొడవంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పెద్దదానికి కాళ్లు 15 జతలు, వీపు పలకలు మాత్రం లెక్కపెడితే 21 కనిపిస్తాయి, కొన్ని పలకలు రెండుగా చీలి ఉండటం వల్ల. 15కీ 21కీ మధ్య వంతెనలా ఉందని పాతకాలం వాళ్లు ముచ్చటపడింది దీన్ని చూసే. పుట్టేటప్పుడు 12 జతలు, తర్వాత ఒకే అంగలో 15.

మట్టిజీవి
అసలు గొడవ తల్లి దగ్గర ఉంది.

స్కోలోపెండ్రా తల్లి గుడ్లన్నీ ఒకేచోట కుప్పగా పెట్టి, వాటి చుట్టూ చుట్టుకుని, నాకుతూ బూజు పట్టకుండా చూసుకుంటూ, పిల్లలు వచ్చి కాస్త నిలదొక్కుకునేదాకా కదలదు. జియోఫిలస్ తల్లీ అంతే. మాస్టారు చెప్పిన టాస్మేనియా, న్యూజిలాండ్ జెర్రి, అంటే క్రేటరోస్టిగ్మస్, దాని తల్లి కూడా గుడ్లని కాచుకుని ఉంటుంది. రాతి జెర్రి తల్లి అలా కాదు. ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. పొట్ట చివర జత గోళ్లలాంటి అంగాలు ఉంటాయి, ఆడదాన్ని గుర్తుపట్టేది వాటితోనే. గుడ్డుని వాటి మధ్య పట్టుకుని, మట్టిలో దొర్లించి, జిగురు పూసి, చుట్టూ మట్టిరేణువులు అంటించి చిన్న మట్టిగుళికలా చేస్తుంది. కాసేపు అలాగే మోసుకు తిరిగి, ఒకచోట వదిలేసి వెళ్లిపోతుంది. తర్వాత ఆ గుడ్డు మొహం చూడదు. భూతద్దం కింద ఈ పని చూస్తే ఒక మిల్లీమీటరు ఉండే గుడ్డుని ఎంత ఓపిగ్గా తిప్పుతుందో తెలుస్తుంది. మట్టి అంటిన తర్వాత మన కంటికి అది గుడ్డని తెలియనే తెలియదు, తినడానికి వచ్చే పురుగులకీ తెలియదు.

ఇప్పుడు ప్రశ్న. తల్లి కాపలా ఉన్న మూడు క్రమాలనీ, అంటే క్రేటరోస్టిగ్మస్, స్కోలోపెండ్రా, జియోఫిలస్, ఒకే కొమ్మ మీద పెట్టి దానికి ఫైలాక్టోమెట్రియా అని పేరు పెట్టారు. కాపలా ఒక్కసారే పుట్టింది, రాతి జెర్రి ఆ కొమ్మ బయట ఉంది అని దాని అర్థం. రూపలక్షణాల్లో ఎక్కువ దీనికే ఓటు వేశాయి. 2014లో చాలా జన్యువులని ఒకేసారి పోల్చిన అధ్యయనం వచ్చింది, అందులో కథ మారింది. క్రేటరోస్టిగ్మస్ బయటికి పోయింది, రాతి జెర్రి స్కోలోపెండ్రా, జియోఫిలస్‌ల పక్కకి వచ్చింది. ఈ కొత్త కొమ్మ పేరు అమాల్పిఘియాటా. స్క్యూటిజెరాలోనూ క్రేటరోస్టిగ్మస్‌లోనూ ఉండే అదనపు మాల్పీజియన్ నాళికలు (ఒంట్లో వ్యర్థాలు బయటికి పంపే గొట్టాలు) ఈ మూడు గుంపుల్లో లేవు, అందుకని ఆ పేరు.

దీని పర్యవసానం చూడండి. ఇది నిజమైతే తల్లి కాపలా రెండుసార్లు వేరువేరుగా పుట్టి ఉండాలి, లేదా ఒకసారి పుట్టి రాతి జెర్రిల్లో పోయి ఉండాలి. అంటే మీ కుండీ కింద ఉన్న జెర్రి పూర్వికురాలు ఒకప్పుడు గుడ్ల చుట్టూ చుట్టుకుని కూర్చునేదేమో, తర్వాత ఆ పద్ధతి వదిలేసి మట్టిగుళికల దారి పట్టిందేమో. నాకు ఈ రెండో అవకాశం మీదే ఎక్కువ మొగ్గు, కానీ అది నా అభిప్రాయం మాత్రమే.

జువాలజీ_మాస్టారు
ఇక్కడ మీతో ఒప్పుకోను. వదిలేసిందంటే ఎందుకు వదిలేసిందో కూడా చెప్పాలి. కాపలా కాసే తల్లికి నష్టం ఏంటంటే కదలకూడదు, తినకూడదు, కలవరపెడితే గుడ్లు తనే తినేస్తుంది. రాతి జెర్రి మాటుకి ఇవేవీ లేవు నిజమే. కానీ కాళ్ల లెక్కని మీరు మర్చిపోతున్నారు. స్కోలోపెండ్రా, జియోఫిలస్ పిల్లలు పూర్తి కాళ్లతో పుడతాయి, మెత్తగా తెల్లగా కదల్లేకుండా ఉంటాయి, తల్లి లేకపోతే బతకవు. రాతి జెర్రి పిల్ల 7 జతలతోనే త్వరలో తన తిండి తను చూసుకుంటుంది. తల్లి కాపలా, పూర్తి కాళ్లు రెండూ కలిసి వచ్చిన లక్షణాలు. రాతి జెర్రి కాపలా వదిలేసిందంటే, కాళ్లు పెంచుకునే పాత పద్ధతికి కూడా వెనక్కి వెళ్లిందనాలి. అది నాకు మింగుడుపడదు. కాపలా రెండుసార్లు పుట్టిందంటే ఇంకా తేలిక.

మట్టిజీవి
మాస్టారూ, మంచి పాయింటు. కానీ క్రేటరోస్టిగ్మస్‌నే చూడండి, అది కాపలా కాస్తుంది, పిల్లలు 12 జతలతోనే పుడతాయి. అంటే కాపలా, పూర్తి కాళ్లు ఎప్పుడూ కలిసే రావాలని లేదు. ఒకప్పటి రాతి జెర్రి పూర్వికులు కాపలా కాస్తూనే తక్కువ కాళ్ల పిల్లల్ని కనేవేమో. అప్పుడు కాపలా ఒక్కటే పోతే చాలు, కాళ్ల పద్ధతి వెనక్కి వెళ్లక్కర్లేదు.

జువాలజీ_మాస్టారు
క్రేటరోస్టిగ్మస్ విషయంలో మీ మాట బలంగానే ఉంది. ఆలోచించాల్సిందే.

నల్లమల_నడక (మార్కాపురం)
చర్చ బావుంది సార్. నల్లమలలో రాళ్లు ఎత్తితే మాకు పెద్ద జెర్రిలు కనిపిస్తాయి, నలుపు, నారింజ పట్టీలతో ఉండేది ఒకటి, చూస్తేనే గుండె ఆగుతుంది. రాళ్ల కింద ఉంటే అవి కూడా రాతి జెర్రిలేనా? ఈ రాతి జెర్రి మన దగ్గర ఉంటుందా?

మట్టిజీవి
లేదండీ, రాళ్ల కింద దొరికేవన్నీ రాతి జెర్రిలు కావు. మీరు చెప్పే పట్టీల జెర్రి స్కోలోపెండ్రా హార్డ్‌వికీ అయ్యుంటుంది, దానికి 21 జతలు, తలకి ఒక్కోవైపు 4 కళ్లు. అది కరిస్తే నొప్పి తీవ్రంగా ఉంటుంది, చేత్తో ముట్టుకోకండి, రాయి ఎత్తేటప్పుడు మీ వైపు కాకుండా అవతలి వైపు తెరుచుకునేలా ఎత్తండి. ఎవరినైనా కరిస్తే సబ్బుతో కడిగి, నొప్పి, వాపు ఎక్కువవుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రాతి జెర్రిల క్రమంలో కుటుంబాలు రెండు. లిథోబియిడే ఎక్కువగా ఉత్తరార్ధగోళపు చల్లటి, సమశీతోష్ణ ప్రాంతాలది, మన దేశంలో హిమాలయాల వైపు వాటి జాతులు ఉన్నాయి. హెనికోపిడే ఎక్కువగా దక్షిణార్ధగోళానిది, వీటికి ఒక్కోవైపు ఒక్క కన్నే ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు. ఈ రెండో కుటుంబంలో లామిక్టెస్ ఎమార్జినేటస్ అని ఒకటి ఉంది, యూరప్‌లో దొరికేవన్నీ ఆడవే, మగ లేకుండానే సంతానం కంటాయి. ఒక్క ఆడపురుగు మట్టితోపాటు కొత్తచోటికి చేరినా చాలు, అందుకే అది ప్రపంచమంతా పాకింది.

మన ద్వీపకల్పంలో రాజ్యం స్కోలోపెండ్రా క్రమానిదే. వాటి మీద మంచి పని మన హైదరాబాద్‌లోనే జరుగుతోంది, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో జాహ్నవి జోషి గారి బృందం. ఎత్మోస్టిగ్మస్ అనే ప్రజాతి జన్యువులు పోల్చి, పడమటి కనుమల్లో, తూర్పు కనుమల్లో ఏ జాతి ఎప్పుడు విడిపోయిందో లెక్కగట్టారు. జెర్రిలు తడి వదిలి ఎక్కువ దూరం వెళ్లలేవు కాబట్టి పాత అడవుల, పాత నేలల చరిత్ర వాటి జన్యువుల్లో నిలిచిపోతుంది. మీరు నల్లమలలో తిరిగేవాళ్లు, ఫొటో తీసేటప్పుడు ఏడో ఖండితం పక్కన శ్వాసరంధ్రం ఉందో లేదో కనబడేలా తీయండి. స్కోలోపెండ్రాకి అక్కడ ఉండదు, ఎత్మోస్టిగ్మస్‌కీ, రైసిడా అనే ఇంకో ప్రజాతికీ ఉంటుంది. ఆ ఒక్క ఫొటోతో సగం పని తేలిపోతుంది.

క్లోజప్ (బెంగళూరు)
ఫొటోల మాట వచ్చింది కాబట్టి. పరిగెత్తే జెర్రిని తీయడం కష్టం, చాలామంది ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరుస్తారు, నాకు నచ్చదు. పారదర్శకమైన చిన్న డబ్బాలో తడి టిష్యూ కాగితం వేసి, మూత మీదనుంచి ఇంకో చిన్న స్పాంజి మెల్లగా ఆనిస్తే అది కదలకుండా ఉంటుంది. డబ్బా తిప్పితే కిందవైపు కూడా అందుతుంది. కాంతి పక్కనుంచి రావాలి, ఎదురుగా ఫ్లాష్ కొడితే ఆ మెరుపుకి వీపు పలకల అంచులు తెల్లగా కాలిపోతాయి. తోట గారూ, పళ్ల ఫొటోకి ఇలా ప్రయత్నించండి. ఇంకోటి, మాస్టారూ, వీపు పలకలు పొడుగు పొట్టి ఎందుకు? ఫొటోల్లో ఎప్పుడూ చూస్తుంటాను, కారణం తెలీదు.

జువాలజీ_మాస్టారు
పరుగు కోసమయ్యా. సిడ్నీ మాంటన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కీటకాలు, జెర్రిల నడక మీద జీవితమంతా పనిచేశారు, ఆవిడ వివరణ ఇది. పొడుగు శరీరం, రెండువైపులా కాళ్లు, వేగంగా పోతే ఒళ్లు పాములా పక్కలకి వంగిపోతుంది. అలా వంగితే ఒకవైపు కాళ్లు ఇంకోదానికి అడ్డం పడతాయి, వేగం తగ్గుతుంది. పొడుగు పలకలు ఒక ఖండితం కీలు మీదుగా కప్పుకుని ఆ వంపుని బిగించి పడతాయి, పొట్టి పలకలు కాస్త వంగడానికి సందు ఇస్తాయి. మట్టిలో మెల్లగా దూరే జియోఫిలస్‌కి ఈ తేడా లేదు, దానికి వంగడమే కావాలి.

లీడ్స్_తోట
క్లోజప్ గారి పద్ధతిలో తీశాను, ఫొటో పెట్టాను. ఎడమవైపు ఆరు, కుడివైపు ఆరు పళ్లు లెక్కకొచ్చాయి. స్పాంజి ఆనించి తీస్తుంటే ఒక కాలు ఊడిపోయింది, చాలా బాధగా ఉంది. చచ్చిపోతుందా? మళ్లీ వెనక చివరి కాళ్లు పైకెత్తి ఆడిస్తోంది, అదేంటి?

మట్టిజీవి
ఒక్కోవైపు ఆరు, 9, 11, 13 పలకలకి కొనలు, పరిమాణం, అన్నీ కలిశాయి. లిథోబియస్ ఫోర్ఫికేటస్ అని ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. 1758లో లినేయస్ దీన్ని స్కోలోపెండ్రాలోనే వేశాడు, అప్పట్లో జెర్రిలన్నీ అందులోనే. 1814లో లీచ్ దాన్ని వేరుచేసి లిథోబియస్ ప్రజాతి పెట్టాడు. ఇప్పుడు ఆ ఒక్క ప్రజాతిలోనే ఐదొందలకు పైగా జాతులు.

కాలు గురించి బాధపడకండి. వెయ్యి కాళ్ల జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కా అంటారు కదా, ఇక్కడ అది నిజంగానే నిజం. శత్రువు కాలు పట్టుకుంటే రాతి జెర్రి దాన్ని మొదట్లోనే వదిలేసి పారిపోతుంది. ఆ చోట గాయం వెంటనే మూసుకుంటుంది, తర్వాత కుబుసాల్లో కొత్త కాలు వస్తుంది, మొదట సన్నగా పొట్టిగా ఉండి క్రమంగా మిగతావాటిని అందుకుంటుంది. అందుకే గుర్తింపుకి కాళ్ల మీద ముళ్లు లెక్కపెట్టేవాళ్లు రెండోవైపు కాలు కూడా చూస్తారు, తిరిగి మొలిచిన కాలికి ముళ్ల లెక్క తేడాగా ఉండొచ్చు.

చివరి కాళ్లు ఎత్తడం బెదిరింపు. ఆ చివరి రెండు జతల్లో జిగురు గ్రంథులు ఉంటాయి. తోడేలు సాలీడులాంటిది మీదికొస్తే ఆ కాళ్లు విసిరి జిగురు దారాలు వేస్తుంది, సాలీడు నోరు, కాళ్లు అతుక్కుపోతాయి, ఇది ఈలోపు రాయి కింద. కాబట్టి ముందు విషపు గోళ్లు, వెనక జిగురు, రెండుచివరలా ఆయుధాలే. ఆ గోళ్లు నిజానికి నోటి భాగాలు కావు, మొండెం మొదటి ఖండితం కాళ్లే అలా మారాయి, 15లో వాటిని కలపరు.

ఇక దాన్ని వదిలేటప్పుడు అదే కుండీ కింద వదలండి, ఎండ తగలని వేళ. స్ప్రింగ్‌టైళ్లు (మట్టిలో గెంతే చిట్టి జీవులు), చిన్న లార్వాలు, పురుగులు తిని బతుకుతుంది, దొరికితే సొంత జాతి పిల్లల్ని కూడా, కాబట్టి ఆ 10 జతల చిన్నదాన్ని అదే సీసాలో ఉంచకండి.

కార్తీక_బీఎస్సీ
సార్, మగ, ఆడ కలవడం ఎలా? స్కోలోపెండ్రాకి స్పెర్మటోఫోర్, అంటే వీర్యం ఉన్న చిన్న పొట్లం, అని చదివాను.

మట్టిజీవి
రాతి జెర్రికీ అదే. మగది చిన్న పట్టు వల అల్లి, దాని మీద స్పెర్మటోఫోర్ పెడుతుంది, ఆడది దాని మీదుగా వచ్చి తీసుకుంటుంది. నేరుగా కలవడం అంటూ లేదు. మగదానికి పట్టు తీసే అంగం కూడా పొట్ట చివరే.

మీరు బీఎస్సీ తర్వాత వర్గీకరణ వైపు వస్తే, ఇప్పుడు జాతిని ఎలా వర్ణిస్తున్నారో చూపే ఒక ఉదాహరణ గుర్తుపెట్టుకోండి. 2013లో క్రొయేషియా గుహల్లోంచి యూపోలిబోత్రస్ కావెర్నికోలస్ అనే రాతి జెర్రిని వర్ణించారు. పళ్ల లెక్క, ముళ్ల పట్టిక, కాలి మొదట్లో 12 నుంచి 15 జతల దగ్గర ఉండే సన్న రంధ్రాలు, ఇవన్నీ పాత పద్ధతిలోనే రాశారు. వాటితో పాటు డీఎన్‌ఏ బార్‌కోడు (జాతిని గుర్తుపట్టడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్క), ఆర్‌ఎన్‌ఏ సమాచారం, ఎక్స్‌రే స్కాన్‌తో త్రీడీ శరీరం కూడా జతచేశారు. మ్యూజియంలో ఉన్న ఆ నమూనాని ముట్టుకోకుండానే వరంగల్‌లో కూర్చుని స్క్రీన్ మీద తిప్పి చూడొచ్చు.

కార్తీక_బీఎస్సీ
ఆ కాలి మొదట్లో రంధ్రాలు దేనికి సార్?

మట్టిజీవి
తడి గాలిలోంచి నీటిని పీల్చుకోవడానికి పనికొస్తాయని ఫోర్ఫికేటస్ మీదే ప్రయోగాలు చేసి చూపించారు. వాసన సంకేతాలు వదలడానికి కూడా అనే అభిప్రాయం ఉంది. కొన్ని జాతులకి గుండ్రంగా, కొన్నిటికి సన్నని చీలికల్లా ఉంటాయి, ఒక్కో కాలికి ఎన్నో లెక్కపెట్టి జాతిపట్టికలో రాస్తారు. పిల్లల్లో తక్కువగా ఉండి ఎదిగేకొద్దీ పెరుగుతాయి, కాబట్టి లెక్కపెట్టే ముందు అది పెద్దదో కాదో జననాంగాలు చూసి తేల్చుకోవాలి.

నల్లమల_నడక
వచ్చే వానల్లో ఏడో ఖండితం ఫొటోలు తప్పకుండా తీసి పెడతాను సార్. అవతలి వైపు తెరుచుకునేలా రాయి ఎత్తమన్నారు కదా, మా బృందంలో అందరికీ చెప్పాను.

మట్టిజీవి
రాయి ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టమని కూడా చెప్పండి. పక్కకి దొర్లించి వదిలేస్తే కిందనున్న తడి పోతుంది, అక్కడ గుడ్ల మీద కూర్చున్న తల్లి ఉంటే గుడ్లు వదిలేస్తుంది, లేదా తినేస్తుంది.